కాగితం మీది వాలు

మా పట్టణానికి మురుగుకాలువ ప్లాన్ గీసిన పెద్దమనిషి కారు దిగకుండానే గీసినట్టున్నాడు. అభ్యంతరాలుంటే చెప్పమని దాన్ని మునిసిపల్ ఆఫీసు గోడకు అంటించారు, అదీ మెడ నొప్పి పుట్టేంత ఎత్తున. నేను కుర్చీ అడిగి, ఎక్కి చదివాను. మా వీధిలో బయలుదేరిన కాలువ మగ్గాల గల్లీ మొదట్లో ఆగిపోయింది. అక్కడి నుంచి నీళ్లు వాటంతటవే వాగులోకి పోతాయట! ఒక బాణం గుర్తు వేసి, పక్కన ‘ఖాళీ స్థలం’ అని రాశారు.

ఆ ఖాళీ స్థలంలో ఇంటింటా మరమగ్గాలు ఆడుతున్నాయి. ప్లాన్‌ను ఫోటో తీసి, అక్కడ మగ్గాలకు నూలు కండెలు చుట్టే ఒకామెకు చూపించాను. కాలువ నీళ్లు గల్లీలోకి వదిలితే మొదట మునిగేది ఆమె ఇల్లే. మగ్గం మోటారు తడిస్తే ఆ ఇంటికి కూలి ఉండదు.

“మా ఇండ్లే లేవా అక్కా గీ కాయిదంల? మరి ఓట్లకు ఎవ్వలింటికి వచ్చిండ్రు?” అంది, చెయ్యి ఆపకుండానే.

మర్నాడు మునిసిపల్ ఇంజనీరును గల్లీకి పిలిపించాను.

“వాలు వాగు దిక్కే ఉన్నది మేడం. బాణం చూడుండ్రి.”

“అయితె గా బాణానికే చెప్పుండ్రి సార్, నీళ్లు దాని మాట ఇంటయేమో,” అన్నాను.

కండెలామె వాదన పెట్టుకోలేదు. రెండు బిందెల నీళ్లు గల్లీ మొదట్లో కుమ్మరించింది. అవి నేరుగా ఆమె గడప ముందుకొచ్చి మడుగు కట్టాయి.

“సారూ, బూట్లు జర పైలం,” అంది.

ఆడవాళ్లంతా నవ్వారు. నేనైతే గెలిచినట్టే నవ్వాను. అప్పుడు ఆమె అత్త నా వైపు తిరిగింది.

“ఎన్కట మోరి నీళ్లు సక్కగ వాగుల్నే కలుస్తుండె బిడ్డా. మీ గోడ లేవకముందు.”

మా ప్రహరీ గోడ! దాన్ని తప్పించడానికే ప్లాన్‌లో కాలువ వంకర తిరిగింది. కుర్చీ ఎక్కి మరీ చదివిన నాకు ఆ వంకర కనబడలేదు. చదువుకున్నదాన్ని కదా, పక్కవాళ్ల తప్పులే కనబడతాయి.

ఇంజనీరుకు ప్రాణం లేచొచ్చింది. “మీ గోడ సంగతి రాసుకోమంటరా మేడం?”

“రాసుకోండ్రి.”

ఇంట్లో మావారు అగ్గి మీద గుగ్గిలమయ్యారు. “ఊరోళ్ల ఫికరంత నీకేనా? మన గోడ నువ్వే కూలగొట్టిస్తవా?”

“మనది కాని జాగల లేపిన గోడ మనదెట్లయితది?”

ఆయన ఫోను తీశారు. కౌన్సిలరుకు చేశారు. ఆ సంభాషణ విన్నాక, ఇంజనీరు రాసుకున్నది నిలవదని తెలిసిపోయింది. పొద్దున్నే మా ఇంటి నంబరు వేసి, అభ్యంతరం నా చేత్తో రాసి ఆఫీసులో ఇచ్చాను.

గుమాస్తా రెండుసార్లు చదివాడు. “మీ గోడ మీద మీరే ఫిర్యాదా మేడం?”

“అవునయ్యా. ముద్ర వేసి రశీదియ్యి.”