వేపచెట్టు కింద జాయింట్ ఇన్‌స్పెక్షన్

మొన్న ఆదివారం మా బారిడీహ్ ఇంటి కిటికీ ఊచలకు రంగు వేయించాం. ఆకుపచ్చ ఎనామిల్ డబ్బా మూత తీయగానే ఆ వాసన వంటింటిదాకా వచ్చేసింది. తింటున్న ఉప్మా ప్లేటు అక్కడే వదిలి, చేతిలో స్పూనుతో సహా బయటికి పరుగెత్తాను. "ఆగు బాబూ ఆగు, కింద ఏమైనా ముద్ర ఉందేమో చూశావా?" అని అరిచాను. కిటికీ ఊచల మీద ముద్ర ఏమిటని సీతారాండేరా నుంచి వచ్చిన ఆ పెయింటర్ నావంక జాలిగా చూశాడు. మా ఆవిడ నవ్వు ఆపుకుంటూ, "నువ్వు ఎయ్యి బాబూ, ఆయనకా వాసనొత్తే అలాగే అవుతాది" అని సర్దిచెప్పింది. నిజమే. ఆ వాసన వస్తే నాకు సువార్తమ్మ గారు గుర్తొస్తారు, ఇంత వయసొచ్చాక కూడా కాస్త భయం వేస్తుంది.

సువార్తమ్మ గారు నా మొదటి ఉద్యోగంలో నా పై అధికారి. టాటానగర్ స్టేషన్‌కి కాస్త ఇవతల, ఒక పాత మేడ మీద రెండు గదుల ఆఫీసు మాది. ఇక్కడి ఇనుప సామాను నేపాల్‌కో భూటాన్‌కో వెళ్లాలంటే సరిహద్దు దగ్గర చూపించాల్సిన కాగితాలన్నీ తయారుచేయడం మా పని. ఆఫీసుకి యజమాని వేరే ఉన్నాడు గానీ, ఆయన కూడా ఆవిణ్ణి అడిగే సెలవు పెట్టేవాడు. మనిషి పొట్టి. గంజిపెట్టిన నేతచీర, చిన్నపాటి సూట్‌కేసంత నల్ల సంచి. ఆవిడ తాతగారు విజయనగరం పక్కనుంచి ఇక్కడి ఫ్యాక్టరీ పనికి వచ్చారట. ఆదివారం బారిడీహ్ తెలుగు చర్చిలో పాటలబృందాన్ని నడిపించేవారు. అక్కడ తాళం వేసే పెన్సిలే సోమవారం మా బల్లల మీద టకటకలాడేది.

నేనేమో బాగ్‌బేరా రైల్వే కాలనీలో పెరిగినవాణ్ణి. ఇంట్లో అమ్మ తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే రకం. చేరిన రోజున ఆవిడ, "ఏటి నగేషూ, టిఫిను చేసొచ్చావా?" అని అడిగితే, "జీ మేడమ్, ఖాకే ఆయా" అన్నాను. పెన్సిల్ ఒకసారి టక్కుమంది. "కడుపులోకి ఏటెల్లిందో నాకక్కర్నేదు. నాతో మాటాడినప్పుడు నోట్లోంచి తెలుగొచ్చీలాగ సూడు" అన్నారు. ఆ వారమంతా నేను ఆఫీసులో మౌనవ్రతం పట్టాను.

ఆవిడకి ఉత్తరాలంటే మహా చిరాకు. ఏ ఆఫీసులోనైనా పని ఆగిందంటే నేను వెంటనే కంప్యూటర్ ముందు కూర్చుని 'విషయం' అని మొదలుపెట్టేవాణ్ణి. ఆవిడ వెనకనుంచి వచ్చి, "ఆ మనిషినెప్పుడైనా సూసావా?" అని అడిగేవారు. చూడలేదంటే లేచి వెళ్లమనేవారు. అలా నన్ను లోడింగ్ యార్డుకి, లారీ స్టాండుకి తరిమారు. ఒకసారి, కేబుల్ చుట్టే చెక్క డ్రమ్ములు చేసే షెడ్డుకి వెళ్లి సోమాయ్ మిస్త్రీ అనే వడ్రంగి దగ్గర ఒక పూట కూర్చుని రమ్మన్నారు. ఎండగా ఉందని నేను దారిలో లస్సీ తాగి వెనక్కి వచ్చి, "కూర్చున్నాను మేడమ్, మంచాయన" అని చెప్పేశాను.

అప్పుడే ఆ ఆరు డ్రమ్ముల పని వచ్చింది. నేపాల్ కొండల్లో ఏదో వాగు మీద నడకవంతెన కడుతున్నారు. దాన్ని వేలాడదీయడానికి కావలసిన ఉక్కు తాడు మన ఊళ్లో తయారైంది. ఆరు పెద్ద చెక్క డ్రమ్ములకి చుట్టి లారీ ఎక్కించాలి. వానలు పడకముందే తాడు చేరితే ఈ ఏడే వంతెన. వాగు పొంగిందా, మళ్లీ దసరా దాటేదాకా అటు ఊరి పిల్లలు ఇటు బడికి రాలేరని అక్కడి ఇంజనీరు ఫోన్లో ముందే చెప్పాడు. నాకు మూడు నెలల పరీక్షా కాలం అయిపోవస్తోంది. ఈ పనితో అందరి కళ్లలో పడాలనుకున్నాను. డ్రమ్ములు మట్టికొట్టుకుని ఉన్నాయని, ఎవరూ చెప్పకుండానే, దగ్గరుండి ఆరింటికీ నిగనిగలాడే ఆకుపచ్చ రంగు వేయించాను. ఫోటో తీసి యజమానికి కూడా పంపాను.

నాలుగో రోజు సరిహద్దు నుంచి లారీ డ్రైవర్ లఖన్ భాయ్ సువార్తమ్మ గారికి ఫోన్ చేశాడు. చెక్క సామాను దేశం దాటాలంటే దాన్ని వేడి చేసి పురుగు చంపినట్టు ఒక ముద్ర ఉండాలి. ముద్ర ఉంది. నా రంగు కింద ఉంది. ఫోన్ పెట్టేసి ఆవిడ నా వంక చూశారు. తిడతారని కళ్లు మూసుకున్నాను. "రెండు జతలు బట్టలు సర్దుకో, బండికెల్దుం" అన్నారు. రైల్లో రాత్రంతా హాయిగా నిద్రపోయారు. తిట్టినా బాగుండేది.

అక్కడ సంగతి నేననుకున్నదానికంటే చిక్కుగా ఉంది. కస్టమ్స్ వాళ్లు లారీకి సీలు వేశారు. చెక్కలో పురుగు ఉందేమో చూసే క్వారంటైన్ ఆఫీసరు, ముద్ర చూపిస్తే గాని చెక్కకి కాగితం ఇవ్వనన్నాడు. ముద్ర చూపించాలంటే రంగు గీకాలి, గీకాలంటే సీలు తీయాలి. సీలు తీయాలంటే క్వారంటైన్ వారు రాసి అడగాలని కస్టమ్స్ ఆయన అన్నాడు. సరుకు చూడకుండా ఏమని రాయమంటారని క్వారంటైన్ ఆయన. పోనీ లారీని లోపలి యార్డులోకి పోనిస్తే అక్కడ తేల్చుకుంటామంటే, గేటు దగ్గరి హవల్దారు ఆ ఇద్దరి సంతకాలూ ఉంటేనే లోపలికి అన్నాడు. పైగా గీకడానికి కత్తి, ఉలి లాంటివేవీ తేకూడదన్నాడు. ముగ్గురివీ ముప్పై అడుగుల లోపే, పక్కపక్కన మూడు గదులు. నేను ఆ మూడింటి చుట్టూ ఒకటిన్నర రోజు తిరిగాను, గుడిలో కూడా అన్ని ప్రదక్షిణలు చేసి ఎరగను. మధ్యలో ఇంజనీరు ఫోన్. "మబ్బు పట్టింది సార్" అంటాడు. ప్రతిసారీ అదే మాట.

సువార్తమ్మ గారు మాత్రం ఎదురుగా టీకొట్టు బెంచీ మీద కూర్చుని సంచిలోంచి వేరుశనగలు తీసి ఒలుచుకుంటున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. "మేడమ్, మీరొకసారి వచ్చి మాట్లాడితే..." అన్నాను.

"మాటాడి ఏటి సేత్తాను? ముగ్గురూ మంచోళ్లే. ఎవడి మాట వాడికి నిజమే. ఒకడి మాట ఇంకొకడు ఇన్నేదు, అంతే" అన్నారు. తర్వాత పెన్సిల్‌తో చూపించారు. "ఆ చెట్టు సూడు."

చూశాను. గేటుకి ఇవతల, ఆ ఆవరణ మొత్తానికి ఒక్కటే వేపచెట్టు. దాని కింద మూడు మోటారుసైకిళ్లు, సీట్ల మీద గోనెగుడ్డలు.

"పొద్దున్న ఎనిమిది కొట్టీసరికి ముగ్గురూ ఉరుక్కుంటూ వత్తారు ఆ నీడకోసం. ఇంక ఏ పనికీ ఈల్లు ఒక్కసోటికి రారు. రేపొద్దున్న ఏడింటికి మన లారీ అక్కడుండాల" అన్నారు.

మర్నాడు ఏడింటికి ఆరు ఆకుపచ్చ డ్రమ్ములతో మా లారీ వేపచెట్టు నీడనంతా ఆక్రమించుకుని నిలబడింది. లఖన్ భాయ్‌ని ఊళ్లోకి పంపేసి తాళంచెవి ఆవిడ తన నల్ల సంచిలో వేసుకున్నారు. ముందు కస్టమ్స్ ఆయన వచ్చి హారన్ కొట్టాడు. తర్వాత క్వారంటైన్ ఆయన. హవల్దారు వచ్చేసరికి ముగ్గురూ కలిసి నన్ను తిడుతున్నారు. జూన్ ఎండ అప్పటికే చుర్రుమంటోంది. నేను లారీ వెనక్కి నక్కబోతే ఆవిడ నా చొక్కా పట్టుకుని ఆపి, ముందుకొచ్చి నమస్కారం పెట్టారు. ఆవిడ హిందీ కూడా విజయనగరం మీదుగానే వచ్చేది.

"తప్పయిపోయింది బాబూ. ఇప్పుడే తీయించేస్తాను. ఇది ఎవరి మాట మీద ఆగిందో ఆయన ఒక్కమాట చెప్తే చాలు" అన్నారు.

"క్వారంటైన్ వాళ్ల ఉత్తరం రాక ఆగింది" అన్నాడు కస్టమ్స్ ఆయన.

"మీరు నేరుగా నన్నెప్పుడడిగారు?" అన్నాడు క్వారంటైన్ ఆయన. "మీరు సీలు తీయనన్నారని కదా ఈ కుర్రాడు చెప్పాడు!"

"నేను తీయననలేదే. రాసి ఇమ్మన్నాను."

"చూసి రాస్తానన్నాను."

హవల్దారు ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు. "అయ్యా, ఇక్కడికొచ్చి రెండేళ్లయింది. చెక్క సామాను లారీలు ఈ గేటు దగ్గరే ఎందుకు గుడ్లు పెడతాయో నాకిప్పుడు తెలిసింది" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. తీరా చూస్తే అది నేనే. ముగ్గురూ నావైపు తిరిగారు గానీ, అప్పటికే కస్టమ్స్ ఆయన పెదాలు కూడా వంకరపోతున్నాయి.

ఒకరి ఎదుట ఒకరు సీలు తీశారు. ఉలి తేకూడదన్నది గుర్తొచ్చి నేను ఆవిడ మొహం చూశాను. ఆవిడ సంచిలోంచి టిఫిన్ డబ్బా, అందులోంచి ఉప్మా అంటుకున్న స్టీలు స్పూను తీశారు. హవల్దారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, స్పూను మీద నిషేధమేమీ లేదన్నాడు. నేను లారీ ఎక్కి మొదటి డ్రమ్ము గీకడం మొదలుపెట్టాను. తాడు కొస బయటికొచ్చే రంధ్రానికి కుడిపక్కన గీకాను. వట్టి చెక్క. కింద గీకాను, చెక్కే. కింద ముగ్గురు అధికారులు మెడలు పైకెత్తి చూస్తున్నారు. జేబులో ఫోన్ మోగుతోంది, మబ్బు సంగతే అయివుంటుంది.

"నగేషూ! నువ్వు సోమాయ్ మిస్త్రీ దగ్గర కూకున్నానన్నావు గదేటి?"

అందరి ముందూ ఒప్పుకోవాల్సి వచ్చింది. "కూర్చోలేదు మేడమ్. లస్సీ తాగి వచ్చేశాను."

"తెలుసు. కూకునుంటే నీకే తెలిసీది. ఆయనది ఎడంసెయ్యి వాటం. ముద్ర ఎడంపక్క కొడతాడు. ఇటు గీకు."

నాలుగు గీతల్లో ముద్ర బయటపడింది. నల్లగా, చెరిగిపోకుండా, సోమాయ్ మిస్త్రీ కొట్టినట్టే. లారీ మీద నిలబడి ఏడ్చేశాను. కిందివాళ్లు చెమటనుకున్నారు. మిగతా అయిదింటికి ఇంకో అరగంట. కస్టమ్స్ ఆయన మోటారుసైకిల్ సీటు మీద ఒక కాగితం పరిచి ముగ్గురూ దాని మీదే సంతకాలు పెట్టారు. అప్పుడు ఆవిడ ఒక అమాయకమైన ప్రశ్న వేశారు. ఒకరి ఫోన్ నంబరు ఒకరి దగ్గర ఉందా అని. లేదు. రెండేళ్లుగా గోడకి గోడ ఆనుకుని కూర్చుంటున్నారు! నేను అక్కడికక్కడే నలుగురికీ ఒక వాట్సాప్ గ్రూపు చేశాను. దానికి 'వేపచెట్టు' అని ఆవిడే పేరు పెట్టించారు. ఆ తర్వాత మా లారీ ఏదైనా వస్తోందంటే గ్రూపులో ఒక మాట రాస్తే చాలు, ముగ్గురూ ఒకేసారి వచ్చి చూసేవారు. పెద్దాఫీసులు దానికి జాయింట్ ఇన్‌స్పెక్షన్ అని పేరు పెట్టి సర్క్యులర్ ఇవ్వడం చాలా తర్వాతి మాట. గ్రూపులో రోజూ పొద్దున్నే గులాబీపూల బొమ్మలు వచ్చిపడేవి, అది వేరే బాధ.

తిరుగు రైల్లో ధైర్యం చేసి, "నా ఉద్యోగం ఉంటుందా మేడమ్?" అని అడిగాను. "గీకడం వచ్చిందిగదా, ఉండు" అన్నారు. రెండు నెలలకి ఇంజనీరు వంతెన ఫోటో పంపాడు. పిల్లలు సంచులు తగిలించుకుని దాని మీద నడుస్తున్నారు. ఇవతల కొట్టు ముందు ఎవరో డ్రమ్ము చెక్కతో బల్ల చేసుకున్నారు. ఆకుపచ్చ రంగు, మధ్యలో నా స్పూను గీతలు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "రంగు బాగానే ఏయించావు" అన్నారు. నన్ను మెచ్చుకోవడం అదొక్కసారే.

నిరుడు శీతాకాలంలో సువార్తమ్మ గారు పోయారు. సమాధుల తోట గేటు దగ్గర నేను మళ్లీ అదే వింత చూశాను. చర్చి ఉత్తరం లేనిదే జాగా చూపించనని తోట కాపలాదారు. జాగా నంబరు లేనిదే ఉత్తరం మీద ఏం రాయమంటారని చర్చి సెక్రటరీ. రెండూ చూడనిదే గొయ్యి తవ్వనివ్వనని కమిటీ పెద్దమనిషి. ముగ్గురూ మూడు చోట్ల, పాటలబృందం ఎండలో. నేను డ్రైవర్‌తో చెప్పి ఆవిడ ఉన్న బండిని గేటుకి అడ్డంగా పెట్టించి, తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నాను. ముగ్గురూ నన్ను తిట్టడానికి ఒకేసారి వచ్చారు. పది నిమిషాల్లో బండి బానెట్ మీదే సంతకాలు అయిపోయాయి.

డ్రైవర్ తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. నేను జేబులోనే గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. ఇస్తే బండి కదిలిపోతుంది. వెనక పాటలబృందంలో ఎవరో పెన్సిల్‌తో టకటకమనిపించారు, పాట ఎత్తుకోవడానికి. అది వినగానే ఉలిక్కిపడి ఇచ్చేశాను. ఇవాళ్టికీ ఏ ఆఫీసులో పని ఆగినా కంప్యూటర్ దగ్గరికి పోబోయి ఆగిపోతాను. చెయ్యి ముందు జేబు తడుముకుంటుంది, తాళంచెవి ఉందేమోనని.