మా నాయిన మందను పిలిచే పిలుపు

నేను నల్లగొండల బడి పంతులమ్మను. కథలు చదువుడంటే పిచ్చి. మొన్న ఎండకాలం సెలవులకు కోస్గి దగ్గరున్న మా ఊరికి పోతూ బస్సుల ఒక ఆఫ్రికా కథ చదివిన, ఎవరో తెలుగు చేసింది. అండ్ల ఒక బిడ్డ, సచ్చిపోయిన తండ్రి గొంతును మట్టికుండల దాచిపెడ్తది. మూత తీస్తే తండ్రి మాట్లాడ్తడు. ఊరోళ్లు గూడ వచ్చి ఇని పోతుంటరు, ఇదేం వింత అని ఒక్కరు గూడ అడగరు.

నాకు ఒళ్లు మండింది. పుస్తకం సంచిల కుక్కిన. మా నాయిన పోయి రెండేండ్లయింది, ఆయన గొంతు నాకు యాదికొస్తలేదు. మొఖం యాదికొస్తది, మీసం యాదికొస్తది, గొంతు రాదు. ఫోన్ల ఆయన మాటలు నాలుగు ఉండె. కొత్త ఫోన్ తీసుకున్నప్పుడు నా తెలివితక్కువతోని అవి గూడ పోగొట్టిన. సిగ్గయి ఎవ్వరికీ చెప్పలె.

ఇంటికి పోయి అమ్మకు కథ చెప్పుకుంట చెప్పుకుంట ఈ సంగతి గూడ కక్కేసిన. అమ్మ చింతపండు గింజ తీస్తాంది. కథల వింత ఏమున్నదో ఆమెకు సమజ్ కాలె. ఆ పిల్ల కుండ పగలకుంట ఎట్ల కాపాడుకుంటదో అని మాత్రం ఫికర్ పడ్డది. నా సంగతికి పొద్దుగూకనియ్యి అన్నది, అంతే.

పొద్దుగూకంగ మా గొర్లు మేసే చెలక కాడికి పోయినం. మా దిక్కు గొర్లు కాసేటోళ్లల్ల ఎవరి పిలుపు వాళ్లదే, ఒకరు పిలిస్తే ఇంకొకరి మంద కదలదు. నాయిన పోయినంక అమ్మ తన తీరుగ పిలిస్తే ఒక్క గొర్రె రాలేదట. పది దినాలు గోసపడి నాయిన పిలుపే నేర్సుకున్నదట. గిదంత చెప్పి, ఇగ నువ్వు పిలువు అన్నది.

బడిల హాజరు పిలిచినట్టు పిలిచిన. ఒక్కటి గూడ తల ఎత్తలె. అమ్మ కడుపు పట్టుకొని నవ్వింది. పొట్టల నుంచి తియ్యి, చివరకు జర కిందికి దించు అన్నది. మూడోసారి నాలుక ఆడించి, “డుర్ర్ర్... వో” అని దించిన.

నా నోట్లకెంచి నాయిన వచ్చిండు. అదే బొంగురు, ఆఖరున అదే జర విసుగు. మంద మొత్తం నా దిక్కు ఉరికొచ్చింది. ఏడ్సుకుంట నిలబడ్డ, ఎంత సంతోషమైందో చెప్పరాదు.

అమ్మ నవ్వు ఆపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

“ఇంకోసారి పిలువు బిడ్డా.”

గొర్లన్నీ వచ్చినయి గదనే అమ్మా, అన్న నేను.

“నాకోసం పిలువు.”