వంటింటి ట్యాబ్లెట్, కొల్లేటి అలలు

మా ఆవిడ పెదపాడు దగ్గర ఒక బళ్లో సోషల్ టీచరు. పుట్టి పెరిగింది మండవల్లి అవతల, కొల్లేటి గట్టున. చేపల చెరువులు రాకముందు ఆ నీళ్లు ఎలా ఉండేవో పిల్లలకు కంప్యూటర్లో కదిలే బొమ్మగా చూపిస్తానని పట్టుబట్టింది. జ్ఞాపకం ఆవిడది, మౌస్ నాది. సోమవారం పొద్దున్నే క్లాసులో చూపించాలి.

ఏలూరులో మా ఇంట్లో పని జరిగే తీరు ఇదీ: నేను ముందుగదిలో, ఆవిడ వంటింట్లో. పొయ్యి పక్కన గోడకు ఆనించిన ట్యాబ్లెట్లో, ఇంటి నెట్‌వర్క్ మీదుగా నా తెర చూస్తూ, "ఏవండీ, ఆ కిక్కిస గడ్డి ఇంకాస్త ఎడమకి జరపండి," అంటుంది. నేను జరుపుతాను.

ఆ బొమ్మల సాఫ్ట్‌వేర్ పాత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే నడుస్తుంది. నా దగ్గరున్నది కొత్తది. అందుకని పాతదాన్ని కొత్తదాని లోపల వర్చువల్ మెషీన్‌గా, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌గా పెట్టాను. అలలు పెట్టేదాకా బాగానే ఉంది. పెట్టాక నత్తనడక. లోపలి కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ కార్డు అందడం లేదు. అలలన్నీ పాపం ప్రాసెసరే ఒంటిచేత్తో గీస్తోంది.

"ఇలాగైతే చార్టు మీద గీసి పట్టుకెళ్తానండి," అంది ఆదివారం చర్చి నుంచి రాగానే. గొంతులో కోపం లేదు. అదే నాకు గుచ్చుకుంది.

కార్డును లోపలికి అందించే గ్రాఫిక్స్ యాక్సిలరేషన్‌కి టిక్కు పెడితే మెషీన్ మొరాయించి అసలు లేవదు. నేను ఆ కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటూ మళ్లీ ఎక్కిస్తాను. ప్రతిసారీ తెర మీద ఏదో హెచ్చరిక వస్తూనే ఉంది. తప్పు డ్రైవర్‌దేనని ముందే తీర్పిచ్చేసినవాడికి దాన్ని చదివే ఓపికెక్కడిది? కోడికూర వాసన ముందుగదిలోకి వచ్చాక, ఆకలికి చేతులాడక, చివరికి చదివాను. గ్రాఫిక్స్ ఈ కంప్యూటర్ తెర మీదే ఇవ్వగలను, తెరను నెట్‌వర్క్‌లోకి తెరిచిపెడితే కుదరదు అని స్పష్టంగా ఉంది.

తెరిచింది ఎవరు? నేనే. వంటింటి ట్యాబ్లెట్ కోసం.

ఆ దారి మూసి, టిక్కు పెట్టి, ఆన్ చేశాను. మెషీన్ లేచింది. బొమ్మ తెరిచాను. అలలు ఒకదాని వెంట ఒకటి, ఎక్కడా ఆగకుండా వస్తున్నాయి. కుర్చీలో కూర్చోలేకపోయాను.

"ఏవండీ, ఇక్కడ తెర పోయిందండి," వంటింట్లోంచి కేక.

"పోలేదు. ఇకమీద నువ్వే ఇటు రావాలి. రా, తొందరగా."

చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. గాలికి కిక్కిస ఊగుతోంది, దాని మొదట్లో నీళ్లు కదులుతున్నాయి. నన్ను పక్కకు జరిపి కుర్చీలో కూర్చుని, ఇన్నాళ్లలో మొదటిసారి మౌస్ తానే అందుకుంది. బొమ్మలోనే గడ్డిని ఒరుసుకుంటూ, కొంగల మధ్యనుంచి, నీళ్ల మీదే ముందుకు సాగింది. నాకైతే ఈల వేయాలనిపించింది. "అసలేమైందంటే..." అని నా గొప్ప మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపింది.

"కూర దించేశానండి. మీరు వడ్డించుకుని తినేయండి," అంది తెర మీంచి కళ్లు తిప్పకుండా. "నేను మా ఊరి రేవుదాకా వెళ్లొస్తాను."