నూకరత్నం నాలుక

భీమవరంలో ఓ హోటల్ రిసెప్షన్ దగ్గరున్న సముద్రపు చేపల తొట్టిని నూకరత్నమే చూసుకుంటుంది. నాలుక మొద్దుబారుతుందని, తొట్టిలో ఉప్పు రుచి చూసేదాకా ఆవకాయ ముట్టదు. వారం రోజులు సెలవు పెట్టి వచ్చేసరికి నీళ్ళు అద్దం మీది గీతకంటే రెండంగుళాలు కిందికి దిగిపోయాయి. నారింజరంగు చేప పైకొచ్చి నోరు తెరుస్తోంది. నూకరత్నం మంచినీళ్ళ బిందె, గ్లాసు తెచ్చుకుంది.

“సముద్రం చేపకి మంచినీళ్ళేంటి?” అంటూ ఓనరు సురేష్‌బాబు ఉప్పునీళ్ళ బకెట్ ఎత్తాడు.

ఆమె బకెట్ అంచు పట్టుకుని ఆపింది. “ఆవిరైంది నీళ్ళేనండి, ఉప్పంతా లోపలే ఉంది. ఇంకా ఉప్పు పోస్తే చచ్చిపోద్దండి.”

“అయితే మంచినీళ్ళే ఒక్కసారి గుమ్మరించెయ్!”

“అదీ తట్టుకోలేదండి బాబూ.”

గ్లాసుడు మంచినీళ్ళు పోసింది. ఆగి, వేలు ముంచి నాలుకకి రాసుకుంది. మళ్ళీ గ్లాసుడు. మధ్యాహ్నానికి నీళ్ళు గీతని తాకాయి. చేప కిందికి దిగి రాళ్ళ మధ్య తిరగసాగింది.

అప్పుడుగానీ నూకరత్నం ఆవకాయ డబ్బా మూత తీయలేదు.