మళ్ళీ తలుపు కొట్టి రా

"భుజం మీద గ్యాస్ బండ మోస్తున్న మనిషిని పట్టుకుని, ఐదేళ్ళ తర్వాత దేశానికి నువ్వేం చేస్తావని అడుగుతారేంటండీ?"

"బండ దించమనే అన్నాను. వాడే దించలేదు."

"దించితే మీరు కుర్చీ వేస్తారని వాడి భయం."

"కుర్చీ వెయ్యక? నిలబెట్టి అడగడం మర్యాదేనా?"

"పొయ్యి మీద కొబ్బరిపాల కూర సగం ఉడికి ఆగిపోయింది. ముందు వాణ్ణి బండ మార్చనివ్వండి. దేశం సంగతి తర్వాత చూసుకోవచ్చు."

చేతిలో సంచీతో గేటు బయట నిలబడిన గియార్తోకి ఇంట్లో మొగుడూ పెళ్ళాల గొడవంతా వినబడింది. అద్దెకి గది కావాలని వచ్చాడు. లోపలికి వెళ్ళాలా, అటునుంచి అటే బస్సెక్కాలా అన్నది తేల్చుకునేలోపు గ్యాస్ బండ మనిషి బయటికొచ్చి, చెమట తుడుచుకుంటూ, "లోపలికేనా అన్నా? నీ బలహీనతలేంటో ముందే ఆలోచించుకుని వెళ్ళు" అని చెప్పి మోటారు సైకిలెక్కి పోయాడు.

జావా దీవిలోని సెమరాంగ్ ఊళ్ళో ఆ సందు మొత్తానికి తెలిసిన విషయం ఒకటే. వార్సోనో మాస్టారికి మనిషి కనిపిస్తే ఇంటర్వ్యూ చెయ్యకుండా ఉండలేరు. కొందరికి చుట్ట, కొందరికి పేకాట, ఈయనకి ఇది. అదీ మామూలు ఇంటర్వ్యూ కాదు. సర్కారు స్కాలర్‌షిప్పు మీద పరాయి దేశం వెళ్ళి పై చదువులు చదివే వాళ్ళని పెద్దవాళ్ళు బల్లకి అవతల కూర్చుని అడిగే ఇంటర్వ్యూ ఉంటుందే, అచ్చం అది. నీ గురించి చెప్పు. నీ బలం ఏమిటి. నీ బలహీనత ఏమిటి. చదివొచ్చి దేశానికి ఏం చేస్తావు. ఇంతమంది ఉండగా నిన్నే ఎందుకు పంపాలి. ఈ ఐదు ప్రశ్నలూ ఆయన అడగని మనిషి ఆ సందులో లేడు. పిల్లి కూడా తప్పించుకోలేదని లస్తరమ్మ అంటుంది. ఆవిడ ఆయన భార్య కాబట్టి నమ్మాల్సిందే.

ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్ళారు. నోట్లో దూది పెట్టేలోపు డాక్టరమ్మని ఆవిడ బలహీనత ఏమిటో చెప్పమన్నారు. ఆవిడ పాపం నిజం చెప్పేసింది, రక్తం చూస్తే ఇప్పటికీ కాస్త కళ్ళు తిరుగుతాయని. మాస్టారు పన్నుతోనే ఇంటికొచ్చారు.

ఎన్నికలప్పుడు వార్డుకి నిలబడ్డ పెద్దమనిషి ఒకడు ఓటు అడగడానికి వచ్చాడు. మాస్టారు కుర్చీ వేశారు. అరగంట తర్వాత అతను బయటికొచ్చి, అసలు నేనెందుకు నిలబడ్డానో నాకే తెలీడం లేదని వెంట వచ్చినవాళ్ళ దగ్గర వాపోయాడు. బక్సో బండి కసిమాన్ అయితే సందు మొదట్నుంచీ గిన్నె మీద చెంచాతో టింగు టింగుమని కొట్టుకుంటూ వచ్చి, మాస్టారి గేటు రాగానే చెంచా జేబులో పెట్టుకుని, బండిని దొంగలా తోసుకుంటూ దాటిపోతాడు. అయినా వారానికి రెండుసార్లు దొరికిపోతాడు. మాంసం ఉండలు చల్లారిపోతున్నా ఐదేళ్ళ ప్రణాళిక చెప్పే వెళ్ళాలి.

అలాంటి ఇంట్లో గియార్తో గది తీసుకున్నాడు. తీసుకోక తప్పలేదు. అతను పోటీ పడుతున్నది అదే స్కాలర్‌షిప్పుకి.

గియార్తోది డెమాక్ తీరంలో ఓ పల్లె. ఆ పల్లె ఏటికేడు కుంగిపోతోంది. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం వీధిలోకి, వీధిలోంచి వంటింట్లోకి వస్తుంది. వాళ్ళమ్మ ఇంటి నేలని మట్టి పోసి మూడుసార్లు ఎత్తించింది. కప్పు మాత్రం ఉన్నచోటే ఉంది. ఇప్పుడు ఆ ఇంట్లో ఎదిగిన మనిషి నిలబడితే తల దూలానికి తగులుతుంది. నాలుగోసారి ఎత్తితే కూర్చునే బతకాలి. నేల ఎందుకు కుంగుతోందో, ఎలా ఆపాలో నేర్పే చదువు నీళ్ళతో వందల ఏళ్ళుగా పోట్లాడుతున్న హాలండు దేశంలో ఉంది. గియార్తోకి అది కావాలి. జిల్లా నీటి శాఖలో చిన్న ఉద్యోగం. సొంతంగా వెళ్ళే స్తోమత లేదు. వయసు ముప్ఫై నాలుగు నిండింది. వచ్చే ఏటికి పరిమితి దాటిపోతుంది. అంటే ఇదే ఆఖరు అవకాశం.

రెండుసార్లు రాతపరీక్షలో పైవరసలో వచ్చాడు. రెండుసార్లూ ఇంటర్వ్యూలో పోయాడు. రెండుసార్లూ ఒకే ప్రశ్న దగ్గర. నిన్నే ఎందుకు పంపాలి అని అడగ్గానే గియార్తో తల వంచుకుని, "నాదేముందండీ, బయట కూర్చున్నవాళ్ళు నాకంటే అర్హులు" అన్నాడు.

అతన్ని తిట్టి లాభం లేదు. జావాలో బాగా పెరిగిన పిల్లాడెవడైనా అదే అంటాడు. నేను గొప్పవాణ్ణి అని నోటితో చెప్పుకున్నవాడిని చూసి అక్కడ తల్లులు సిగ్గుపడతారు. మర్యాద అనేది అతనికి పాలతో పట్టింది. ఆ మర్యాదే రెండుసార్లు కొంప ముంచింది.

మొదటిరోజే మాస్టారు అతన్ని ముందుగదిలో కూర్చోబెట్టారు. మీ ఊరు బాగా మునిగిపోతోందటగా అని అడిగారు.

"మాదేముందండీ. మాకంటే పక్క ఊరు ఎక్కువ మునిగింది" అన్నాడు గియార్తో.

మాస్టారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. నా పాతికేళ్ళ అనుభవంలో మునిగిపోవడంలో కూడా వెనక సీటు అడిగినవాణ్ణి నిన్నే చూశానన్నారు. ఆ తర్వాత ఒక నియమం పెట్టారు. 'నాదేముంది' అన్న మాట నోట్లోంచి వస్తే లేచి బయటికి వెళ్ళాలి. తలుపు వేయాలి. మళ్ళీ కొట్టాలి. లోపలికొచ్చి, నమస్కారం పెట్టి, కూర్చుని, మొదట్నుంచీ మొదలుపెట్టాలి.

మొదటి సాయంత్రం గియార్తో పద్నాలుగుసార్లు తలుపు కొట్టాడు. ఎదురింటివాళ్ళు, పాపం ఎవరో తెలియక వచ్చినట్టున్నాడు, మాస్టారు ఇంట్లో లేరని చెప్పి పంపేద్దామా అనుకున్నారు. రెండో వారానికి తలుపు బందు ఊడింది. లస్తరమ్మ వడ్రంగిని పిలిపించింది. మాస్టారు వడ్రంగికి కుర్చీ వేశారు. బందు మర్నాటికి గానీ బిగియలేదు.

గియార్తోకి ఇదంతా నవ్వులాట అనిపించలేదు. ఆఫీసు నుంచి అలిసి వచ్చేసరికి ఈయన బల్లకి అవతల సిద్ధంగా ఉండేవారు. అన్నం తింటుంటే అడిగేవారు. స్నానాలగది తలుపు అవతల నుంచి అడిగేవారు. ఓసారి లోపల్నుంచి పొరపాటున "నాదేముందండీ" అని, ఒంటినిండా సబ్బుతో, బయటికి రావాలా వద్దా అని గియార్తో చాలాసేపు ఆలోచించాడు. ఆ ఒక్కసారికీ మాస్టారే మినహాయింపు ఇచ్చారు.

ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. పొడుగు బల్ల. అవతల ముగ్గురు. నాలుగు ప్రశ్నలకీ గియార్తో బాగానే చెప్పాడు. అప్పుడు మధ్యలో కూర్చున్నాయన కాగితాలు పక్కన పెట్టి, ఇంతమంది ఉండగా మిమ్మల్నే ఎందుకు పంపాలి అని అడిగాడు.

"నాదేముందండీ..."

మాట వచ్చేసింది. మాటతోపాటు కాళ్ళూ లేచాయి. గియార్తోకి తను ఏం చేస్తున్నాడో తెలిసేసరికి గది బయట ఉన్నాడు. వెనకాల తలుపు మూసి ఉంది. వరండాలో పేర్లు పిలిచే అమ్మాయి, అప్పుడే అయిపోయిందా అని అడిగింది. లేదండీ, మళ్ళీ మొదలు అని చెప్పి తలుపు కొట్టాడు.

లోపలికొచ్చి, నమస్కారం పెట్టి, కూర్చున్నాడు. ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

"ఇందాక తప్పు చెప్పానండీ. ఇప్పుడు సరిగ్గా చెప్తాను" అన్నాడు గియార్తో. "మా అమ్మ ఇంటి గుమ్మం దగ్గర నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో పన్నెండేళ్ళుగా కొలుస్తున్నాను. రోజుకి రెండుసార్లు. నా పెళ్ళి రోజు కూడా మానలేదు. పెళ్ళికూతురు అరగంట కాచుకుంది. నేనీ ఊరొచ్చాక నా బదులు ఆవిడే కొలుస్తోంది. ఆ తీరం మొత్తం మీద అలాంటి లెక్క ఇంకెవరి దగ్గరా లేదు. అందుకని నన్నే పంపాలి."

జీవితంలో మొదటిసారి 'నన్నే' అన్నాడు. అన్నాక చెవులు ఎర్రబడ్డాయి. అవతల ముగ్గురూ ఏదో రాసుకున్నారు. ఎవరూ నవ్వలేదు. అది మంచికో చెడుకో తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి కోపం మాత్రం బాగా తెలిసింది. ఇంటర్వ్యూ మధ్యలో లేచిపోయినవాణ్ణి ఏ దేశం వాళ్ళు పంపుతారు? మాస్టారు మసీదుకి వెళ్ళి ఉన్నారు. వంటింట్లో లస్తరమ్మ సోయా గింజల టెంపే ముక్కలు వేయిస్తోంది. గియార్తో ఆవిడ దగ్గర వెళ్ళగక్కేశాడు. మీ ఆయన పిచ్చి నా కొంప తీసిందమ్మా అన్నాడు. ఆ ఇంట్లో అడుగు పెట్టాక అతను మర్యాద తప్పి మాట్లాడింది అదే మొదలు. లస్తరమ్మ పొయ్యి ఆపింది. ముందు ముక్కలు పళ్ళెంలోకి తీసింది. తర్వాత చెప్పింది.

మాస్టారు ఒకప్పుడు బల్లకి అవతలివైపే కూర్చునేవారట. నిజం బల్లకి. సర్కారు వేసిన ముగ్గురిలో ఒకరు. ఓ ఏడాది పర్మిన్ అని కొండ ప్రాంతం బడిపంతులు వచ్చాడు. చెవుడున్న పిల్లల చేతులు డోలు మీద పెట్టించి, ఆ అదురుతో మాటలు నేర్పేవాడు. ఆ చదువే ఇంకా చదవాలని వచ్చాడు. నిన్నే ఎందుకు పంపాలంటే, నాదేముందండీ అన్నాడు. మాస్టారు కాగితం మీద 'ఆత్మవిశ్వాసం లేదు' అని రాసి సున్నా వేశారు.

కొన్నాళ్ళకి ఓ చుట్టాల పెళ్ళిలో చెవులు వినబడని పిల్ల ఒకతి మాస్టారి దగ్గరికొచ్చి చక్కగా మాట్లాడింది. ఎవరమ్మా నేర్పారంటే పర్మిన్ సార్ అంది. మర్నాడు మాస్టారు నాలుగు బస్సులు మారి, కొండెక్కి, ఆ పంతులు ఇంటికి వెళ్ళి, తప్పు చేశానని చెప్పుకున్నారు.

"అతనేమన్నాడో తెలుసా?" అంది లస్తరమ్మ. "ఎంపికైనాయన నాకంటే మంచివాడే అయ్యుంటాడు మాస్టారూ, మీరు సరిగ్గానే చేశారు అన్నాడట. పైగా దారిలో తినమని చిలగడదుంపలు ఉడికించి ఇచ్చాడట."

మాస్టారు ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు ఆ కుర్చీకి రాజీనామా రాసి పంపేశారు. ఈ గదులు కట్టించి, ఆ ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళకే ఇవ్వడం మొదలుపెట్టారు.

"సరే, మాలాంటివాళ్ళని అడిగారు. మరి సందులోవాళ్ళందరినీ ఎందుకమ్మా?" అన్నాడు గియార్తో. గొంతులో కోపం దాదాపు అయిపోయింది.

"ఎవరిలో ఏముందో అడక్కపోతే ఎలా తెలుస్తుందని ఆయన బెంగ. కళ్ళముందు నుంచి ఇంకో పర్మిన్ అడగకుండానే వెళ్ళిపోతాడేమోనని. అందుకే ఎవర్నీ వదలరు. నువ్వు తిను, చల్లారిపోతున్నాయి."

గియార్తో తిన్నాడు. ఆ సాయంత్రం మాస్టారు రాగానే, అడగకముందే ఎదురుగా కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు. లేచిపోవడం, తలుపు కొట్టడం, అన్నీ. మాస్టారు అంతా విని, ఎన్నిసార్లు కొట్టావు అని మాత్రం అడిగారు. ఒక్కసారేనండీ అన్నాడు గియార్తో. మాస్టారు లేచి లోపలికి వెళ్ళి, మొహం కడుక్కుని వచ్చారు.

ఆరు వారాలకి ఫలితాలు వచ్చాయి. జాబితాలో గియార్తో పేరుంది. మాస్టారు ఆనందం పట్టలేక వీధిలోకి వెళ్ళి, దొరికిన మొదటి మనిషిని కౌగిలించుకున్నారు. ఆ మనిషి ఎవరో ఇప్పటికీ తెలీదు. తెలియని మనిషిని ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా ఆయన వదిలిపెట్టింది ఆరోజు ఒక్కటే.

ప్రయాణం రోజు పొద్దున్నే గియార్తో పెట్టె సర్దుకుని వచ్చి, వంగి మాస్టారి చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకున్నాడు. మీ రుణం ఎలా తీర్చుకోవాలో చెప్పండి మాస్టారూ అన్నాడు. మామూలుగా అలాంటి మాటకి చేతులూపి కొట్టిపారేసే మనిషి, ఆవేళ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఒకటుంది. చదువయ్యాక తిరిగొస్తావు. ఎప్పుడో ఒకప్పుడు నిన్నూ ఆ బల్లకి అవతల కూర్చోబెడతారు. అప్పుడెవడో ఒకడు వచ్చి తల వంచుకుని, నాదేముందండీ అంటాడు. ఇంటికొచ్చినవాడు ఆకలి లేదంటే, ఒక్క మాటకే అన్నం గిన్నె మీద మూత పెట్టేస్తామా మనం? ఇంకోసారి అడుగు నాయనా. అప్పటికీ చెప్పకపోతే, టీ తెప్పించి, వాడు తాగేదాకా ఆగి, మళ్ళీ అడుగు."