ఫోటో అయ్యాక మూసేసే రంగుల డబ్బా

డిపోలో ఆయన్ని అందరూ హారన్ తాత అంటారు. మనవరాలు పుట్టకముందే వచ్చిన పేరది, పుట్టాక ఖాయమైపోయింది. సిటీ బస్సు డ్రైవరు. గొంతు చాలా పెద్దది, కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. రోడ్డుకడ్డంగా బండి ఆపినవాణ్ణి కిటికీలోంచి తల బయటపెట్టి మరీ దులిపేస్తాడు. కానీ ఎవరైనా ముసలమ్మ ఆయాసపడుతూ వస్తున్నట్టు అద్దంలో కనబడిందా, వెనక బళ్ళవాళ్ళు ఎంత మొత్తుకున్నా బస్సు కదిలించడు. ఎక్కినవాళ్ళు దిగేదాకా తన పూచీ అంటాడు.

ఇంట్లో ఆయన, కూతురు, మనవరాలు. కూతురు ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే మెషీన్ల దగ్గర పనిచేస్తుంది. చీకటి పడబోతుంటే గానీ బయటపడదు. ఈయనది మధ్యాహ్నం షిఫ్టు. అందుకని బడి వదిలాక పిల్లని మందుల షాపు పైనున్న పిల్లల క్లబ్బులో వేశారు. అక్కడ సీటు దొరకడమే గగనమైంది. చేర్చిన రోజు క్లబ్బు మేడమ్ పిల్ల బుగ్గ నిమిరి, "మీ పాప మా పాప కాదా అండీ" అంది. ఒక్క నియమం మాత్రం గట్టిగా చెప్పింది. పెద్దవాళ్ళు పైకి రాకూడదు, మెట్ల కిందే నిలబడాలి, పిల్లల్ని కిందికి పంపిస్తారు. పిల్లల ఏకాగ్రత చెడిపోతుందట! ఆ మాట విని అందరూ బుద్ధిగా తలూపారు.

తాత బస్సు రోజూ ఆ మేడ పక్కనుంచే పోతుంది. ఆయన రెండుసార్లు హారన్ కొట్టాలి, మనవరాలు కిటికీలోంచి చెయ్యూపాలి, అదీ ఇద్దరి ఒప్పందం. మొదట్లో ఊపింది. ముందు సీట్లలో ప్రయాణికులు కూడా తిరిగి ఊపేవారు. తర్వాత కిటికీకి నీలం కర్టెన్ పడింది. ఎంత హారన్ కొట్టినా అది కదల్లేదు.

"ఏమే, తాతని మర్చిపోయావా?"

"కిటికీ దగ్గరకెళ్తే మేడమ్ కేకలేస్తుంది తాతా."

"ఎండ పడుతోందని వేసుంటార్లే నాన్నా" అని కూతురు సర్దిచెప్పింది. పైగా క్లబ్బు నుంచి రోజూ ఫోన్లో ఫోటో వచ్చేది. బల్ల మీద రంగుల డబ్బా, పిల్ల చేతిలో కుంచె, మొహాన చెవులదాకా నవ్వు. ఆ ఫోటోల్ని తాత డిపో అంతా తిప్పాడు. టీ కొట్టువాడు కూడా తప్పించుకోలేకపోయాడు. ఇన్ని ఫోటోలొచ్చాయి గానీ ఒక్క బొమ్మయినా ఇంటికి రాలేదేమని, గౌను మీద ఒక్క మరకైనా లేదేమని ఎవరికీ తట్టలేదు.

సెలవు రోజు తాత పడుకుని ఉంటే మనవరాలు ఆటకి దిగింది. బొమ్మల్ని, దిండ్లని వరసగా కూర్చోబెట్టి ఒక్కోదాని ముందు ఒక్కో పెన్సిలు పెట్టింది.

"నవ్వండి. పళ్ళు కనబడాలి. ఆఁ, అయిపోయింది, ఇచ్చెయ్యండి" అని పెన్సిళ్ళన్నీ లాగేసుకుంది. తర్వాత బొమ్మల్ని ఒక్కొక్కటే గోడవైపు తిప్పింది. "నోరు మెదిపారంటే మంచినీళ్ళు కూడా ఇవ్వను."

తాత లేచి కూర్చున్నాడు. "ఏం ఆటే ఇది?"

"క్లబ్బాట."

"ఎంతసేపు అలా కూర్చుంటాయి?"

"అమ్మలొచ్చేదాకా."

ఆయనకి ఒళ్ళు మండిపోయింది. అప్పుడే చెప్పులేసుకోబోతే కూతురు అడ్డం నిలబడింది.

"నాన్నా, నీకు దణ్ణం పెడతాను, గొడవ పెట్టుకోకు. సీటు తీసేస్తే పిల్లని ఎక్కడ పెట్టను? నా పని ఊడిపోతుంది."

ఆమె మాటలో తప్పు లేదు, ఆయనకి మండిందీ అందుకే. గతిలేనివాళ్ళు నోరెత్తరని తెలిసే కదా వీళ్ళు ఇలా చేసేది! గొడవ పెట్టుకోనని, చూసి మాత్రం వస్తానని మాటిచ్చాడు.

మర్నాడు షిఫ్టు మార్చుకుని, తల్లులు వచ్చే వేళకి కాస్త ముందుగా మెట్లెక్కాడు. తలుపు తోశాడు. మసక చీకటి, లైటు వెయ్యలేదు, ఫ్యాను తిరగడం లేదు. పిల్లలందరూ ఒళ్ళో సంచులు పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నారు. అందరిలోకీ చిన్నది తడిసిన బట్టలతోనే ముడుచుకుని ఉంది. మేడమ్ ఫోన్లో సీరియల్ చూస్తోంది. తలుపు అంత చప్పుడు చేసినా ఒక్క పిల్లా తల తిప్పలేదు. బుద్ధిమంతులై కాదు, భయపడి.

"పైకి రాకూడదని చెప్పాం కదండీ!" అంటూ మేడమ్ లేచింది. "ఇది క్రమశిక్షణ. రోజూ ఫోటోలు పంపుతూనే ఉన్నాం. ఇంతవరకూ ఒక్కరు కూడా కంప్లయింట్ చెయ్యలేదు."

తాత పళ్ళు బిగబట్టాడు. మాటిచ్చాడు కదా. నేరుగా వెళ్ళి కర్టెన్ లాగేసి, కిటికీ తెరిచి, కింద గుమిగూడుతున్న వాళ్ళని చూసి తన గొంతంతా విప్పాడు.

"పైకి రండి! అందరూ పైకొచ్చి చూడండి!"

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదట మెట్లెక్కింది ఆయన కూతురే. ఆమె వెనక మిగతావాళ్ళు వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు.

బీరువా మీదున్న రంగుల డబ్బాని తాత దింపాడు. మూత తీస్తే రంగు బిళ్ళలు ఒక్కటీ అరగలేదు, షాపులోంచి తెచ్చినట్టే ఉన్నాయి. తన సీసాలో నీళ్ళు మూతలో పోసి, కాగితం పరిచి, కుంచె మనవరాలి చేతికిచ్చాడు.

పిల్ల కుంచె ఎత్తి పట్టుకుంది. చెవులదాకా నవ్వింది. నవ్వి అలాగే ఉండిపోయింది. కుంచె చూడగానే గోడవైపున్న పిల్లలందరూ ఇటు తిరిగి, పళ్ళు కనబడేలా నవ్వారు. రోజూ ఫోన్లలో చూసి మురిసిపోయిన నవ్వే అది.

"వెయ్యవే బంగారూ."

పిల్ల పెదవులు కదపకుండా అడిగింది. "ఫోటో తీసేశావా తాతా? తీసేస్తే ఇచ్చేస్తాను."

కూతురు కింద కూలబడి పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.

"ఎవ్వరికీ ఇవ్వక్కర్లేదమ్మా. నీ ఇష్టమొచ్చింది వేసుకో."

"ఇంత రభస చేశాక సీటు ఉండదు" అంది మేడమ్. "రేపట్నించి ఎక్కడ పెడతావో పెట్టుకో."

"నా మెషీన్ పక్కన కూర్చోబెట్టుకుంటాను. పని ఊడితే ఊడనీ. మీ దగ్గర మాత్రం ఇంకొక్క పూట ఉంచను" అంది గొడవ వద్దని దణ్ణం పెట్టిన కూతురు. "ముందు ఆ లైటు వెయ్యండి."

లైటు వెలిగింది. పిల్ల కుంచెని ఎర్రరంగులో ముంచి కాగితం దాకా తెచ్చింది. తెచ్చి, ఆనించే ముందు మేడమ్ వైపు చూసింది.