ఊళ్లోకి తిరిగొచ్చిన బొంత

నాకు సంతకం పెట్టడం ఒక్కటే వచ్చు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. కోపంతో చెప్పింది కోపంగానే రాయమన్నాను.

మాది మందమర్రి పక్కన ఊరు. మా ఆయన బొగ్గుబాయిలో పనిచేసి, దగ్గి దగ్గి పోయాడు. మా దగ్గర మనిషి పోతే అతను పడుకున్న చాప, కప్పుకున్న బొంత వాగులో వేసి వెనక్కి చూడకుండా వస్తాం. అవి మళ్లీ ఊళ్లోకి రాకూడదు. నేనూ అలాగే వేశాను. నా పాత చీరలతో కుట్టిన బొంత అది. నీలం దారం అయిపోతే ఒక మూల ఎర్రదారంతో కుట్టాను.

ఆ వాగు ఇసుకలో చెలిమె తోడుకుని తాగి పెరిగినవాళ్లం. మోకాలి లోతు తోడి, మొదట ఊరిన బురదనీళ్లు చిప్పతో పారబోసి కాసేపు కూర్చుంటే తేటనీళ్లు నిండేవి. నల్లా ఎండాకాలంలో ఏ రోజు వస్తుందో తెలియదు, చెలిమే మాకు దిక్కు. కిందటి ఎండాకాలం తోడితే నల్లగా ఊరింది. కంపు.

అందుకే మా వాడ ఆడవాళ్లం తొమ్మిది మందిమి ఆదివారం ఆదివారం వాగులోకి దిగాం. ఎవరూ పిలవలేదు, ఎవరూ కూలి ఇవ్వలేదు. సీసాలు, కవర్లు, పిల్లల డైపర్లు, కోళ్ల దుకాణం ఈకల సంచులు. మొదటి వారమే నా బొంత దొరికింది, రాయికి చుట్టుకుని. ఎర్రదారం చూడగానే నా చేతులు ఆగిపోయాయి. వాగును పాడుచేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇది నాదేనని పక్కింటి వదినతో చెప్పాను.

నా బొంతతో సహా తీసిందంతా గట్టున కుప్ప పోసేవాళ్లం. పంచాయతీ ట్రాక్టర్ ఎత్తుకెళ్లేది. ఊరి బయట గుంతలో పోస్తామన్నారు, నమ్మాం. ఒక్కరమైనా వెంట వెళ్లి చూడలేదు. అదీ మా తెలివి.

పెద్ద వాన పడి వాగు వచ్చింది. తగ్గాక దిగితే చెత్తంతా మళ్లీ అక్కడే ఉంది. బొంత కూడా. వదిన నడుం మీద చెయ్యి వేసుకుని, "నీ మొగడు నిన్ను ఇడిసేటట్టు లేడే," అంది. అందరం నవ్వాం. నవ్వు సగంలో ఉండగానే నాకు తెలిసిపోయింది. బొంతకు కాళ్లు లేవు కదా. గట్టు వెంట పైకి నడిచాం. వాగు మలుపులో ట్రాక్టర్ టైర్ల జాడలు నేరుగా నీళ్లలోకి దిగి ఉన్నాయి. మేం నడుములు పడిపోయేలా తీసిందంతా తీసుకెళ్లి వాగులోనే పైన పోస్తున్నారు.

ఆ తడి బొంత నెత్తిన పెట్టుకుని ఊళ్లోకి నడిచాను. వదిన చెయ్యి పట్టుకుంటే విడిపించుకున్నాను. దారి పొడుగునా తలుపులు వేసుకున్నారు. పంచాయతీ మెట్ల మీద బొంత పరిచాను. సర్పంచి బయటికొచ్చి అక్కడే ఆగిపోయాడు.

"గిదేందక్కా, సచ్చినోని బొంత ఊళ్లెకు తెస్తవా? ఊరికి అరిష్టం గాదా?"

"వాగుల పారేసుడు నాదే తప్పు. తీసినంక మల్ల పోసినోళ్లు ఎవలు? మా చెలిమెల మురికి ఊరుతుంటె అరిష్టం గాలేదా?"

జర తీసెయ్యమని బతిమాలాడు. మీరు చెప్పిన గుంత చూపించిన రోజే తీస్తానన్నాను. దాన్ని ముట్టుకునే ధైర్యం ఒక్కడికీ లేదు. మూడు రోజులు ఆఫీసుకు వచ్చినవాళ్లంతా వెనక గోడ ఎక్కి దూకారు. నాలుగో రోజు తవ్వే బండి వచ్చింది. గుంత అప్పుడు తవ్వారు, అంతకుముందు లేనే లేదు. బతికున్న తొమ్మిది మంది వారం వారం కష్టపడితే రాని బండి, చచ్చినవాడి బొంతకు భయపడి వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బొంతను ఆ గుంతలో నేనే వేశాను. ఇప్పుడు ట్రాక్టర్ కదిలితే మాలో ఇద్దరం ఎక్కి కూర్చుంటాం, పోసేదాకా దిగం. చెలిమెలో నీళ్లు ఇంకా తేరలేదు. ఆదివారం ఆదివారం తోడుతాను, దోసిట్లో పట్టి వాసన చూస్తాను, పారబోస్తాను.